సముద్రం మీద వచ్చిన ఫిజిక్స్

ఉగాది రాత్రి భోజనాలయ్యాక మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. కింద రెండు ముక్కలు రాశాడు: "మామయ్యా, మీ హిగ్స్ పోయాడట." ముందు రోజే, 2024 ఏప్రిల్ 8న, ఎడిన్‌బరోలో పీటర్ హిగ్స్ కన్నుమూశారు. తొంభై నాలుగేళ్ల మనిషి. "మీ హిగ్స్" అన్నాడు గానీ, ఆయన్ని నేను ఒక్కసారైనా కలవలేదు, ఉత్తరమైనా రాయలేదు. అయినా వాడన్నదాంట్లో తప్పేం లేదు. పార్టికల్ ఫిజిక్స్‌లో థియరీ చేసిన మా తరంవాళ్లకి ఆయన పేరు రాయకుండా వారం గడిచేది కాదు.

మర్నాడు కూర్చుని ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. తీరా మొదలుపెడితే ఆయనకంటే ఆయన కాలమే ఎక్కువ గుర్తొచ్చింది.

1964లో హిగ్స్ రాసినవి రెండు చిన్న పేపర్లు, మూలకణాలకి బరువు ఎలా వస్తుందో చెప్పే ఆలోచన మీద. రెండోదాన్ని మొదట పంపిన పత్రిక తిప్పికొట్టింది. ఆయన ఇంకో పేరా చేర్చి వేరే పత్రికకు పంపారు. కొత్త కణం ఒకటి ఉండాలన్న మాట ఆ చేర్చిన భాగంలోనే ఉంది. ఇంచుమించు అదే సమయంలో ఇదే ఆలోచన బ్రౌట్, ఎంగ్లెర్‌ట్‌లకీ వచ్చింది, కాస్త ఆలస్యంగా మరో ముగ్గురికీ వచ్చింది. ఆ తర్వాత హిగ్స్ రాసినవి చాలా తక్కువ. ఇప్పటి లెక్కల్లో తనకి యూనివర్సిటీలో ఉద్యోగం ఎవరూ ఇవ్వరని ఆయనే అన్నారు. 2013లో నోబెల్ ప్రకటించిన రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి బయటికి వెళ్లారు. దగ్గర మొబైల్ లేదు. వీధిలో ఒకప్పటి పొరుగింటావిడ కారాపి చెబితే గానీ సంగతి తెలియలేదు. అలాంటి మనిషి నిశ్చింతగా ఉద్యోగం చేసుకోగలిగిన కాలం ఒకటి ఉండేది. నేను దాని చివరి భాగం చూశాను.

ఆ కణం దొరికిందని యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో ప్రకటించినప్పుడు, 2012 జూలై 4న, నేను అప్పటికే రిటైరయ్యాను. సెమినార్ హాల్లో తెర మీద వెబ్‌కాస్ట్ పెడతారని తెలిసి వెళ్లాను. కుర్చీలన్నీ నిండిపోయి పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. బొమ్మ ఆగుతూ, కదులుతూ వచ్చింది. గ్రాఫులో 125 దగ్గర చిన్న గుట్టలాంటిది కనిపించింది. హిగ్స్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవడం చూశాం. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్క ఫ్లాటాయన అడిగాడు, "ఏం సార్, దేవుడి కణం దొరికిందటగా! మరి ఇప్పుడు మీకేం పని?" ఆ ప్రశ్న ఇప్పటికీ నాకు గుర్తే. ఆయన వేళాకోళానికే అన్నా, మా రంగంలో తర్వాత పదేళ్లు అందరూ అడుక్కున్నది అదే.

* * *

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదువుతుండగా విశాలాంధ్ర బుక్ హౌస్ అలవాటైంది. అక్కడ రష్యన్ పుస్తకాలు మూడు రూపాయలకీ నాలుగు రూపాయలకీ దొరికేవి. గట్టి అట్టలు, మందపాటి కాగితం, ఒకరకమైన జిగురు వాసన. మెస్సుకిచ్చే డబ్బుల్లో మిగిల్చి కొనేవాణ్ణి. లెక్కల పుస్తకం చేతిలో పట్టుకుంటే ఒళ్లు పులకరించడమేమిటని మా వాళ్లు నవ్వేవారు. వాళ్లు ఆ పుస్తకాలు చూడలేదు.

ఎమ్మెస్సీకి వాల్తేరు. అప్పట్లో ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్స్ అంటే స్వామి జ్ఞానానంద పేరు చెప్పేవారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో రాజుల ఇంట పుట్టి, ఇల్లు వదిలి హిమాలయాల్లో తపస్సు చేసి, యూరప్ వెళ్లినవాడు ప్రేగ్‌లో ఎక్స్‌రేల మీద పరిశోధన చేసి, తిరిగొచ్చి వాల్తేరులో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం పెట్టారు. నేను చేరేనాటికి ఆయన రిటైరైపోయారు. కాషాయం కట్టుకున్న మనిషి వాక్యూమ్ పంపు పక్కన నిలబడి సూచనలిస్తుండేవాడని సీనియర్లు చెబితే నోరు తెరుచుకుని వినేవాళ్లం. నేను చదువుకుంటుండగానే, 1969లో, ఆయన పోయారన్న వార్త వచ్చింది. ఆ రోజు అటెండరు దగ్గర్నుంచి ప్రొఫెసరు దాకా ఎవరి కథ వాళ్లు చెప్పారు.

నన్ను థియరీలోకి లాగింది మాత్రం ఆయన కాదు, ఒక లెక్చరర్ గారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పాంటు, క్లాసయ్యేసరికి సుద్దపొడి మోచేతి దాకా ఉండేది. ఒకరోజు డిరాక్ సమీకరణం మొదలుపెట్టారు. ఎలక్ట్రాన్ కోసం డిరాక్ రాసిన సమీకరణం, ఎలక్ట్రాన్‌తో పాటు దానికి వ్యతిరేక విద్యుదావేశం ఉన్న జోడీ కూడా ఉండాలని పట్టుబడుతుంది. వద్దన్నా వదలదు. 1928లో సమీకరణం రాస్తే, 1932లో కాస్మిక్ కిరణాల్లో పాజిట్రాన్ దొరికింది. "కాగితం ముందు చెప్పింది, కణం తర్వాత దొరికింది" అని చెప్పి ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టేశారు. కిటికీలోంచి సముద్రపు గాలి వస్తోంది. నాకు ఇదే చెయ్యాలనిపించింది. అందులో జీవనం ఎలా గడుస్తుందో ఆలోచించే వయసు కాదు.

* * *

బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కొలాబా చివర, సముద్రం అంచున ఉంటుంది. ఇంటర్వ్యూకి వెళ్లినరోజు లోపలికి అడుగుపెడితే గోడ నిండా హుస్సేన్ వేసిన పెద్ద చిత్రం. వెనక పచ్చిక, దాని వెనక అరేబియా సముద్రం. నేను కాన్వాస్ బూట్లతో వెళ్లాను. ఇంత ఖరీదైన చోట కూర్చోబెట్టి, నెలనెలా డబ్బులిచ్చి, ఆలోచించమంటారా? ఎక్కడో మెలిక ఉంటుందనుకున్నాను.

మెలికేం లేదు. బుధవారం సాయంత్రం కలోక్వియం, అంటే అందరికీ కలిపి ఒక ప్రసంగం. దానికి ముందు టీ. ఆ టీ దగ్గర కుర్రవాళ్లం ఒక మూల నిలబడి పెద్దవాళ్ల మాటలు వినేవాళ్లం. అప్పుడు తెలిసింది, పెద్దవాళ్లు కూడా సగం మాటలు "అది నాకు అర్థం కాలేదు" అనే మొదలుపెడతారని. వాల్తేరులో మాకు ఆ మాట అనడానికి నోరు వచ్చేది కాదు.

ఆదివారాలు మాటుంగా మెస్సుల్లో సాంబారన్నం. పండగలొస్తే దాదర్ ఆంధ్ర మహాసభ. అక్కడ తెలంగాణ నుంచి ఎప్పుడో వలసొచ్చి మిల్లుల్లో పనిచేస్తున్న పద్మశాలీలు, బ్యాంకు ఉద్యోగులు, మాలాంటి బ్రహ్మచారులు ఒకే బంతిలో కూర్చునేవాళ్లం. "ఏం చేస్తవు బిడ్డా?" అని ఒక పెద్దాయన అడిగారు. పరమాణువు లోపల ఏముందో చూస్తామన్నాను. "దేంతో చూస్తరు?" అన్నారు. కాగితంతో అన్నాను. ఆయన నా విస్తట్లో ఇంకో బూరె వేయించారు.

నిజంగా కాగితమే. మా పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. రెండు కణాలు ఢీకొని వేరే కణాలుగా మారే సంభావ్యత కావాలనుకోండి. ముందు ఫైన్‌మన్ డయాగ్రంలు, అంటే కణాల రాకపోకల్ని గీతలుగా చూపే బొమ్మలు, గీయాలి. ఒక్కో బొమ్మకి ఒక్కో గణిత పదం. తర్వాత గామా మాట్రిక్స్‌ల ట్రేసులు. ఎనిమిది గామాల ట్రేసు విప్పితే నూటయిదు పదాలొస్తాయి. ఫూల్‌స్కేప్ కాగితాలు అడ్డంగా పెట్టుకుని, ఫ్యానుగాలికి ఎగరకుండా నాలుగు మూలలా బరువులు పెట్టి, రోజుల తరబడి రాసేవాళ్లం. గైడ్ గారు అదే లెక్క తన గదిలో వేరుగా చేసేవారు. చేస్తున్నంతసేపూ ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. చివర్లో ఎదురెదురుగా కూర్చుని పోల్చుకోవడం. సాధారణంగా ఒక రెండు దగ్గరో, ఒక మైనస్ దగ్గరో తేడా వచ్చేది. "మీదా, నాదా?" అనేవారాయన, టీ కప్పు పక్కకి జరుపుతూ. విద్యార్థిని మీరు అనడం ఆయన పద్ధతి. ఎవరిదైనా సరే, మళ్లీ మొదటి పేజీ నుంచి ఇద్దరూ చూడాల్సిందే.

సెలవులకి ఇంటికెళ్తే అరుగు మీద కూర్చుని ఆ బొమ్మలే గీసేవాణ్ణి. అమ్మ ఒకసారి వంగి చూసి, "ఇవేం ముగ్గుల్రా, చుక్కలు పెట్టకుండా గీస్తున్నావు?" అంది. చుక్కలు ఉన్నాయమ్మా, గీతలు కలిసేచోటని చూపించాను. కాసేపు చూసి, "ఇది కుదర్లేదు, ఇటు పక్క గీత ఎక్కడికీ పోవట్లా" అంది. అది బయటికి పోయే కణం. దాన్ని అలాగే వదిలెయ్యాలని చెప్పాను. అమ్మకి నచ్చలేదు.

1974 మేలో పోఖ్రాన్ జరిగింది. మా సంస్థకి డబ్బులొచ్చేది అణుశక్తి శాఖ నుంచి. ఆ ఒక్క ముక్క ఊళ్లో ఎవరికో తెలిసింది. వేసవి సెలవులకి తెనాలిలో రైలు దిగేసరికి రిక్షావాడి దగ్గర్నుంచి మొదలైంది. మా బాబాయి అయితే రచ్చబండ దగ్గర అందరి ముందూ, "ఏరా అబ్బాయ్, ఆ బాంబు నువ్వే చేశావంటగా, మాకు చెప్పకూడదనుకో!" అన్నాడు. కాదు బాబాయ్, నాకు బల్బు మార్చడం కూడా సరిగా రాదంటే, "ఆహా, రహస్యం!" అని మీసం దువ్వాడు. మరో రెండేళ్లలో నాకొచ్చిన సంబంధాల్లో కొన్ని ఆ బాంబు పుణ్యమే.

* * *

పేపరు రాయడం ఒక ఎత్తు, టైపు చేయించడం ఇంకో ఎత్తు. మా టైపిస్టుగారికి ఫిజిక్స్ రాదు గానీ, ఏ గ్రీకు అక్షరం ఎవరి చేతిరాతలో ఎలా ఉంటుందో తెలుసు. గోళంలాంటి టైపుముక్క ఉన్న ఎలక్ట్రిక్ మెషీన్. గ్రీకు గుర్తు వచ్చినప్పుడల్లా ఆ గోళం తీసి ఇంకోటి బిగించాలి. వాక్యం మధ్యలో టక్కుమని ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఆ చప్పుడు వింటే చాలు, వరండాలో నడిచేవాళ్లకి లోపల సమీకరణం నడుస్తోందో మామూలు ఇంగ్లీషు నడుస్తోందో తెలిసిపోయేది. ఆయన దగ్గర లేని గుర్తులకి ఖాళీ వదిలేస్తే మేం నల్ల సిరాతో నింపుకోవాలి. ఒకసారి నన్ను పిలిచి, "ఈ సమీకరణంలో ఎడమ పక్క మ్యూ ఉంది, కుడి పక్క లేదు, సరేనా?" అని అడిగారు. సరే కాదు. ఎలా కనిపెట్టారంటే, "అన్నిట్లోనూ రెండు పక్కలా ఉంటుంది కదండీ" అన్నారు.

టైపయ్యాక సైక్లోస్టైల్ చేసి ప్రీప్రింట్లుగా లోకం మీదికి పంపేవాళ్లం. పత్రికలో అచ్చయ్యేదాకా ఆగితే ఏడాది పడుతుంది కాబట్టి, అందరూ ముందే ఒకరికొకరు పంపుకునే ఏర్పాటు అది. స్టాన్‌ఫర్డ్‌లో స్లాక్ అనే కణ ప్రయోగశాల లైబ్రరీవాళ్లు ఏ వారానికి ఆ వారం కొత్త ప్రీప్రింట్ల జాబితా వేసేవారు. ఆ జాబితా చూసి కావలసినవాటికి కార్డు రాయాలి. మనకీ కార్డులొచ్చేవి, ప్రేగ్ నుంచి, క్రాకోవ్ నుంచి, సోఫియా నుంచి. అచ్చేసిన కార్డు మీద పేపరు పేరు దగ్గర మాత్రం చేత్తో నింపేవారు. "మీ వ్యాసం ప్రతి ఒకటి పంపగలరు." ఎవరో తెలియదు, ఎప్పటికీ చూడం, కానీ ఆ కార్డు వచ్చినరోజు మెస్సులో భోజనం రుచిగా ఉండేది. స్టాంపులు మా వింగ్ స్వీపరు గారి అబ్బాయి కోసం కత్తిరించి ఉంచేవాణ్ణి.

ఎయిర్‌మెయిల్‌కి డబ్బులెక్కువ. ధనవంతులైన లేబరేటరీలు కూడా మనకి ఓడలో పంపేవి. అమెరికాలో అచ్చయిన పత్రిక మా బల్ల మీదికి మూడు నెలలకి చేరేది. అంటే మా ఫిజిక్స్ సముద్రం మీద వచ్చేది, మూడు నెలల వయసుతో. అక్కడ ఎవరో ప్రశ్న వేసి, జవాబు కూడా కనుక్కుని, ఇంకో పనిలో పడ్డాక మాకు ఆ ప్రశ్న అందేది.

1974 నవంబరు మాత్రం అలా కాదు. 11వ తేదీన అమెరికాలో రెండు జట్లు, స్లాక్‌లో రిక్టర్ వాళ్లూ, బ్రూక్‌హేవెన్‌లో టింగ్ వాళ్లూ, ఒకే కణాన్ని విడివిడిగా కనుక్కున్నామని చెప్పారు. ప్రోటాన్‌కి మూడు రెట్లకి పైగా బరువు, కానీ అంత బరువైన కణం బతకాల్సిన దానికంటే చాలా ఎక్కువసేపు బతుకుతోంది. ఆ వార్త మాకు ఓడలో రాలేదు. ఎవరో విదేశంలో ఉన్న స్నేహితుడితో ఫోన్లో మాట్లాడి వచ్చి, కలోక్వియం గది బోర్డు మీద ఒక్క అంకె రాశారు, ఆ కణం బరువు: 3.1. కింద గీత గీశారు. అంతే. పెద్దాచిన్నా లేకుండా ఆ బోర్డు చుట్టూ మూగిపోయాం. ప్రోటాన్‌లాంటి కణాల లోపల ఉండే క్వార్క్‌లలో చార్మ్ అనే నాలుగోది ఉండాలని గ్లాషో, ఇలియోపౌలోస్, మయానీ 1970లోనే చెప్పారు. ఇదే దాని సాక్ష్యమా? రాత్రంతా క్యాంటీన్ బయట గట్టు మీద కూర్చుని వాదించుకున్నాం. నేను, మరో స్నేహితుడు కలిసి ఆ కణం ఎన్ని రకాలుగా విడిపోవచ్చో లెక్క వేయడం మొదలుపెట్టాం. సంక్రాంతికి కూడా ఇంటికి వెళ్లలేదు. టైపు చేయించబోతుండగా ఓడలో ఒక కట్ట వచ్చింది. అందులో మా లెక్కే, ఇంకా శుభ్రంగా చేసిన లెక్క, హార్వర్డ్ నుంచి. నా స్నేహితుడు దాన్ని రెండుసార్లు చదివి, "జవాబు కరెక్టే వచ్చింది చూడు" అన్నాడు. అతనికి అది నిజంగానే సంతోషం. నాకు ఆ పెద్దమనసు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

* * *

నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చినప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ ఇంకా అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచేది. సరోజినీ నాయుడు ఇల్లు. మేం క్వాంటమ్ మెకానిక్స్ చెబుతుంటే బయట రిక్షా గంటలు, ఇరానీ హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్ల వాసన. తర్వాత గచ్చిబౌలికి మారాం. ఇప్పుడు గచ్చిబౌలి అంటే ఎవరికేం కనిపిస్తుందో తెలుసు. అప్పుడు బండరాళ్లు, తుప్పలు, నెమళ్లు. బస్సు మెహిదీపట్నం దాటాక కండక్టరు కునుకు తీసేవాడు. సాయంత్రం బస్సు తప్పిపోతే ఆ రాత్రికి డిపార్ట్‌మెంట్ బల్లే మంచం. నా మొదటి పీహెచ్‌డీ విద్యార్థి తన థీసిస్‌లో ముఖ్యమైన లెక్క అలా బస్సు తప్పిపోయిన రాత్రే చేశాడు.

అక్కడ ఒంటరితనం ఉండేది, కాదనను. నేను చేసే పని గురించి మాట్లాడటానికి చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు. ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఒకడు ట్రియెస్టేలో ఒక సంస్థ పెట్టాడు. అబ్దుస్ సలాం కేంబ్రిడ్జిలో చదివి లాహోర్ తిరిగొస్తే, మాట్లాడటానికి తోటి శాస్త్రవేత్త లేక, చివరికి 1954లో దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని 1964లో ఇటలీలో ఆ కేంద్రం తెరిచారు. పేద దేశాల వాళ్లు అసోసియేట్లుగా వచ్చి, కొన్ని వారాలు ఉండి, చదువుకుని, మాట్లాడుకుని, మళ్లీ సొంత దేశానికి వెళ్లిపోవచ్చు. నాకు ఆ అవకాశం వచ్చింది. అది లేకపోతే నేనూ దేశం వదిలేవాణ్ణో, ఫిజిక్స్ వదిలేవాణ్ణో.

మిరమారె కోట పక్కన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఆ భవనం. లైబ్రరీలోకి వెళ్తే ఈ వారం ప్రీప్రింట్లు ఈ వారమే ఉండేవి. మొదటిరోజు ఆ అర ముందు నిలబడి ఏది తియ్యాలో తెలియక అలాగే ఉండిపోయాను. బోరా అనే గాలి వీస్తే మనుషులు పడిపోకుండా వీధుల్లో తాళ్లు కట్టేవారు. గెస్ట్‌హౌస్ వంటింట్లో నేను, లాహోర్ నుంచి వచ్చినాయన, నైజీరియా నుంచి వచ్చినాయన కలిసి వండుకునేవాళ్లం. మా ఆవిడ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా రోమ్ విమానాశ్రయంలో కస్టమ్స్ అతను మూత తీసి వాసన చూసి, ఏమనుకున్నాడో, గబగబా మూత పెట్టి ఇచ్చేశాడు. లాహోరాయన దాన్ని పరాఠాలో నంజుకుని, "ఇది మీరు మా దగ్గర దాచిపెట్టిన రహస్యం" అన్నాడు. రోజువారీ భత్యం మిగిల్చి అందరం ఏదో ఒకటి కొనుక్కెళ్లేవాళ్లం. ఫిజిసిస్టులు వెళ్తున్నారో టేప్‌రికార్డర్ల వ్యాపారులు వెళ్తున్నారో తెలిసేది కాదు.

సలాం గారిని కారిడార్లో చూసేవాళ్లం. వేగంగా నడిచేవారు, మధ్యలో ఎవరైనా విద్యార్థి ఆపితే పూర్తిగా ఆగిపోయేవారు. నన్ను ఎక్కణ్నుంచి అని అడిగి, హైదరాబాద్ అనగానే, "ఏ హైదరాబాద్?" అన్నారు. సింధులో ఇంకోటి ఉందిగా మరి. 1979లో గ్లాషో, వైన్‌బర్గ్‌లతో కలిసి నోబెల్ అందుకోవడానికి తలపాగా, షేర్వానీ వేసుకుని వెళ్లినాయన. విద్యుదయస్కాంత బలాన్నీ, బలహీన బలాన్నీ కలిపిన వాళ్ల సిద్ధాంతం నిలబడిందే హిగ్స్ చెప్పిన పద్ధతి మీద. 1967లో వైన్‌బర్గ్ రాసిన ఆ మూడు పేజీల పేపర్ని మొదటి రెండు మూడేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పొద్దున పెట్టిన పేపరుకి సాయంత్రానికి ఎన్ని ఉల్లేఖనలొచ్చాయో చూసుకునే పిల్లలకి ఈ మాట చెబుతూ ఉంటాను. వాళ్లు మర్యాదగా వింటారు.

* * *

థియరీవాడు పరికరాల దగ్గరికి వెళ్తే పరికరం పాడవుతుందని మాలో ఒక నమ్మకం. అయినా కోలార్ బంగారు గనుల్లోకి దిగాను. చూడాలనిపించింది. అక్కడే, భూమికి రెండు కిలోమీటర్ల పైన లోతులో, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు జపాన్, ఇంగ్లండ్ జట్లతో కలిసి, వాతావరణంలో పుట్టి, దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే న్యూట్రినో కణాల్ని ప్రపంచంలో మొదటగా పట్టుకున్న వాళ్లలో ఒకరయ్యారు. నేను వెళ్లేనాటికి ప్రోటాన్ కోసం కాచుకుని కూర్చున్నారు.

కథేమిటంటే, పతీ, సలాంలు ఒక దారిలో, జార్జి, గ్లాషోలు ఇంకో దారిలో, ప్రోటాన్ కూడా శాశ్వతం కాదు, ఎప్పటికో ఒకప్పుడు విడిపోతుందన్నారు. ఎప్పటికి? ఒకటి పక్కన ముప్పై, ముప్పై ఒక్క సున్నాలు పెడితే వచ్చినన్ని ఏళ్లకి. అంతకాలం ఎవరుంటారు? అందుకని ఒక్క ప్రోటాన్‌ని చూడకుండా, 140 టన్నుల ఇనుము పేర్చి, మధ్యలో గ్యాసు నింపిన గొట్టాలు పెట్టి చూస్తారు. అంత ఇనుములో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఒకటి పక్కన 32 సున్నాలకి దగ్గరగా ఉంటాయి. సిద్ధాంతం నిజమైతే ఏడాదికి కొన్నైనా విడిపోవాలి. పైన ఉన్న రాయి కాస్మిక్ కిరణాల గోలని ఆపేస్తుంది.

టోపీ, దీపం, మోకాళ్ల దాకా బూట్లు ఇచ్చి పంజరంలాంటి లిఫ్టులో ఎక్కించారు. చీకట్లో కిందికి పోతుంటే చెవులు మూసుకుపోయాయి. దిగి గోడ మీద చెయ్యి పెడితే రాయి వేడిగా ఉంది. లిఫ్టు నడిపే అతను చిత్తూరు వైపు మనిషి, తెలుగు వినగానే మొహం విప్పారింది. "ఏం సార్, దొరికిందా మీది?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "మాదీ అంతే సార్. టన్ను రాయి కొట్టినా ఉంగరానికి రాదు." కాసేపాగి, "దొరికితే మీకు ఏమిస్తారు?" అన్నాడు. ఏమీ ఇవ్వరు, పేపర్లో రాస్తామన్నాను. అతనికి నా మీద జాలి కలిగినట్టుంది, తిరిగి పైకొచ్చేటప్పుడు తన ఫ్లాస్కులో టీ పోశాడు.

కొన్ని సంఘటనలు ప్రోటాన్ క్షయం కావచ్చని కోలార్ వాళ్లు చెప్పారు. లోకమంతా ఉలిక్కిపడింది. తర్వాత అమెరికాలో ఉప్పు గనిలో వేల టన్నుల నీళ్లు నింపి చూస్తే ఏమీ కనిపించలేదు, 1983లో సరళమైన సిద్ధాంతం వీగిపోయింది. జపాన్‌లో కమియోకాలో అదే పనికి కట్టిన నీళ్ల ట్యాంకుకి 1987 ఫిబ్రవరిలో ఎక్కడో లక్షన్నర కాంతి సంవత్సరాలకి అవతల పేలిన నక్షత్రం నుంచి పదకొండు న్యూట్రినోలు దొరికాయి. ఒకదానికోసం కాచుకుంటే ఇంకొకటి వచ్చింది. ప్రోటాన్ మాత్రం ఇవాళ్టి దాకా విడిపోలేదు. కోలార్ గని 2001లో మూసేశారు. కింద నీళ్లు నిండిపోయాయట.

* * *

మోడెమ్ కూత విన్నవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. చదువుల సంస్థల్ని కలిపే ఎర్నెట్ అనే నెట్‌వర్క్ వచ్చిన కొత్తలో ఈమెయిల్ రాత్రిపూట ఫోన్ లైన్ మీద కట్టలుగా వెళ్లేది. 1991లో లాస్ అలమోస్ నుంచి పాల్ గిన్స్‌పార్గ్ కంప్యూటర్‌లో ప్రీప్రింట్ల ఆర్కైవ్ మొదలుపెట్టాడు. ఒక మెయిల్ పంపితే పేపరు మొత్తం తిరిగి మెయిల్లో వచ్చేది. మొదటిసారి అలా తెప్పించుకున్న పేపరు తేదీ చూశాను. నిన్నటిది. ప్రిన్‌స్టన్‌లో ఉన్నవాడు దాన్ని ఎప్పుడు చదివాడో నేనూ అప్పుడే చదివాను. ఇరవై ఏళ్లుగా మోస్తున్న మూడు నెలల ఆలస్యం ఒక రాత్రిలో పోయింది. చాలామంది పాతరోజులే బాగుండేవంటారు. ఈ విషయంలో నేను ఒప్పుకోను. ఆ ఓడల కోసం ఎదురుచూస్తూ ఎంతమంది తెలివైనవాళ్లు చల్లబడిపోయారో నాకు తెలుసు.

కార్డులు మాత్రం ఆగిపోయాయి. టైపిస్టుగారు కంప్యూటర్లో సమీకరణాలు కూర్చే టెక్ అనే ప్రోగ్రాం నేర్చుకుంటానన్నారు, కొన్నాళ్లు నేర్చుకున్నారు కూడా. కానీ అప్పటికే పిల్లలంతా ఎవరిది వాళ్లే టైపు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆయన గ్రీకు గోళాలు బీరువాలో పెట్టి తాళం వేసి, అకౌంట్స్ సెక్షన్‌కి మారారు.

ఆ దశాబ్దంలోనే సైబర్ టవర్స్ లేచింది, మా క్యాంపస్‌కి కూతవేటు దూరంలో. లూప్ లెక్కలు చేసే కుర్రాళ్లకి ప్రోగ్రామింగ్ మంచినీళ్లప్రాయం. ఒక్కొక్కరే జారుకున్నారు. నేను ఎవర్నీ ఆపలేదు. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉందని చెప్పిన కుర్రాడికి సూపర్‌సిమెట్రీ ఉంటుందో లేదో తేలేదాకా ఆగమని ఎలా చెప్పను?

తేలలేదు కూడా. నా ఉద్యోగజీవితంలో సగం సూపర్‌సిమెట్రీతోనే గడిచింది. 1974లో వెస్, జుమినోలు మొదలుపెట్టిన దారి. ప్రతి కణానికీ ఒక జోడీ ఉండాలి, హిగ్స్ బరువు అదుపులో ఉండటానికి అదే కారణమవుతుంది, అందమైన గణితం. ఆ జోడీల బరువులు ఎంత ఉండొచ్చో మా విద్యార్థులు, నేను పేజీల కొద్దీ లెక్క కట్టాం. సెర్న్‌లో కణాల్ని ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రం మొదలయ్యాక మేం చెప్పిన చోట ఒక్కటీ కనిపించలేదు. ఇంకా పైన ఉండొచ్చన్నాం. అక్కడా లేదు. ప్రకృతి మా పేపర్లు చదవలేదు. డిరాక్‌కి చదివింది, హిగ్స్‌కి నలభై ఎనిమిదేళ్లు ఆగి చదివింది. ఆ లెక్కలు తప్పు కాదు. ట్రేసులన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇద్దరం విడివిడిగా సరిచూసుకున్నాం. ఆ ప్రపంచం ఇది కాదు, అంతే. దానికి బాధ లేదా అని ఒక పాత విద్యార్థి న్యూజెర్సీ నుంచి ఫోన్లో అడిగాడు. ఇప్పుడు బ్యాంకులో రిస్క్ లెక్కలు చూస్తాడు. ఉందన్నాను. అతను కాసేపు ఊరుకుని, "సార్, ఆ మూడో చాప్టర్లో ఇంటిగ్రల్ నేను చేసిన పద్ధతి ఇంకా బాగుంటుందనిపిస్తోంది" అన్నాడు. గంటన్నర మాట్లాడుకున్నాం. అక్కడ వాళ్లావిడ భోజనానికి పిలుస్తూనే ఉంది.

మా ఇంట్లో అటక మీద ఇంకా నాలుగు అట్టపెట్టెల ప్రీప్రింట్లు ఉన్నాయి. డెబ్బైల నాటి చార్మ్ పేపర్లు, ట్రియెస్టే నోట్సులు, సెర్న్ రిపోర్టులు. కొన్నిటికి చెదలు తగిలాయి, చాలావరకు బాగానే ఉన్నాయి. దసరాకి ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ఈలోపు అటక ఖాళీ చెయ్యాలని మా ఆవిడ తేల్చి చెప్పింది. ఏ కాలేజీ లైబ్రరీకైనా, సైన్సు చరిత్ర మీద పనిచేసే పిల్లలకైనా కావాలంటే ముందే చెప్పి వచ్చి తీసుకెళ్లండి. మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి, మా లిఫ్టు ఈమధ్య సరిగా పనిచేయడం లేదు.